చిమయో పూటకూళ్ళ యిల్లు

కాకతీయుల నాటి ఓరుగల్లును కన్నులకు కట్టినట్లు చూపు 'క్రీడాభిరామము'లో ఒక పూటకూళ్ళ యింటి ప్రసక్తి కలదు. వినుకొండ వల్లభరాయని పేరిట ప్రసిద్ధి వహించిన ఆ గ్రంథమున, ఒక్క రూక చెల్లించిన బాటసారికి విస్తరిలో ఏమేమి వడ్డించుచుండిరో కవి ఒక్క పద్యములో చెప్పి విడిచెను. మేలైన అన్నము, గోధుమ పిండివంట, పంచదార, క్రొత్తగా కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. ఓరుగంటి కోటలు కూలినవి, తోరణములు మిగిలినవి. ఆ యింటి పొయ్యి ఏ వీథిలో ఉండెనో నేడెవ్వరును చూపజాలరు. అయినను ఆ విస్తరి మాత్రము ఆరువందల యేండ్లుగా మన కన్నుల యెదుటనే ఉన్నది. కారణము ఒక్కటే: ఎవరో ఒకరు దానిని వ్రాసి పెట్టిరి.

ఆ విస్తరిలో మరియొక విశేషమును పాఠకులు గమనింపవలెను. అందు మిరపకాయ లేదు. ఉండుటకు వీలును లేదు. మనము నేడు ఏ వస్తువు లేకున్న ముద్ద మ్రింగలేమో, ఆ మిరపకాయ ఆనాటికి ఈ దేశపు నేలపై మొలకెత్తియే యుండలేదు. అది సముద్రములకు ఆవల, అమెరికా ఖండములో, మనకు తెలియని మనుష్యుల పెరళ్ళలో పండుచుండెను.

ఆ మిరపకాయను ఇంటి ఇలవేల్పువలె చూచుకొను ఒక గ్రామమును గూర్చియు, ఆ గ్రామపు వంటను పరదేశములవారికి సైతము రుచి చూపిన ఒక పూటకూళ్ళ యింటిని గూర్చియు, మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో నాలుగు మాటలు వ్రాయుట ఉచితమని తోచినది. 'గ్రంథాలయ సంచికలో హోటలు చరిత్ర యేమి?' అని కొందరు నవ్వవచ్చును. కడవరకు చదివిన పిమ్మట వారే తీర్పు చెప్పుదురుగాక.

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరుతి భాగమున న్యూమెక్సికో అను రాష్ట్రమున్నది. దాని రాజధాని శాంటా ఫే. ఆ నగరమునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కొండల పాదములచెంత, చిమయో అను చిన్న గ్రామము కలదు. ఆ పేరు స్థానిక ఆదివాసులైన తేవా వారి భాషనుండి వచ్చినది. అక్కడ వర్షము మిక్కిలి స్వల్పము. ఇండ్లు పచ్చి యిటుకలతో కట్టినవి. పైకప్పునకు దుంగలు దూలములుగా పరచి, వానిపై చిన్న కొయ్యలు పేర్చి, మన్ను పోసి మిద్దె వేయుదురు. మన రాయలసీమ మట్టిమిద్దెలను చూచినవానికి ఆ యిండ్లు క్రొత్తగా తోపవు.

నీటి విషయమున సైతము ఆ గ్రామమునకును మన గ్రామములకును పోలిక కలదు. ఏటినుండి త్రవ్విన చిన్న కాలువల మూలముననే అక్కడి పొలములు పండును. ఆ కాలువను 'అసేకియా' అందురు. ఆ మాట అరబ్బీ భాషలో పుట్టి, స్పెయిను దేశము మీదుగా అమెరికా చేరినది. ప్రతి వసంతమునందును కాలువక్రింది రైతులందరు కూడి పూడిక తీయవలెను. రాలేనివాడు తన బదులు కూలిని పంపవలెను. ఎవరి మడికి ఎప్పుడు నీరు విడువవలెనో నిర్ణయించుటకు ఒక పెద్దను ఎన్నుకొందురు. మన చెరువులక్రింద నీరటికాడు, నీరుగంటి చేసిన పనియే అతనిది. నీటి తగవులు తీర్చిన మనుష్యుని మాటయే ఊరికి శాసనము. ఈ సంగతి మన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ గ్రామమున 1813 మొదలు 1816 వరకు కట్టిన ఒక చిన్న దేవాలయమున్నది. లోపలి గదిలో ఒక చిన్న గుంట. దానిలోని మన్ను పవిత్రమని, రోగనివారకమని అక్కడివారి విశ్వాసము. మంత్రాలయపు మృత్తికను కన్నుల కద్దుకొను మనకు ఈ విశ్వాసము అర్థము కాకపోదు. ఏసుక్రీస్తు సిలువవేయబడిన శుక్రవారమునాటికి వేలకొలది యాత్రికులు శాంటా ఫే మొదలగు ఊళ్ళనుండి నడచి వచ్చి ఆ మన్ను తీసికొనిపోవుదురు. యాత్ర యున్నచోట ఆకలి యుండును. ఆకలి యున్నచోట పూటకూళ్ళ యిల్లు పుట్టును. కాని చిమయో పూటకూళ్ళ యిల్లు పుట్టుటకు ఇంతకంటె లోతైన కారణములు కలవు. వానిని తెలిసికొనుటకు ముందు ఆ వంట ఎట్లు కూడినదో చూడవలెను.

ఆ దేశపు మూలవాసులను స్పెయినువారు 'ప్యూబ్లో'లనిరి. ఊళ్ళు కట్టుకొని నివసించువారని దాని భావము. వారి ఆహారమునకు మూడు స్తంభములు: మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి. ఈ మూడింటిని ఒకేచోట నాటుదురు. చిక్కుడు తీగ మొక్కజొన్న దంటును పట్టుకొని ప్రాకును. గుమ్మడి ఆకు నేలను కప్పి తడిని నిలుపును. నీలివర్ణపు మొక్కజొన్న పిండితో జావ కాచుదురు. రాతిమీద రొట్టె కాల్చుదురు.

మెక్సికో మొదలుకొని ఈ నైరుతి దేశము వరకు మొక్కజొన్నను సున్నపు నీటిలో గాని బూడిద నీటిలో గాని ఉడికించు ఆచారము ప్రాచీన కాలమునుండి యున్నది. అట్లు చేసినచో గింజపై పొట్టు ఊడివచ్చును, పిండి ముద్దకట్టును. అంతేకాదు. గింజలో బిగిసియున్న నియాసిన్ అను విటమిను శరీరమునకు అందుబాటులోనికి వచ్చును. ఐరోపావారు మొక్కజొన్నను కొనిపోయిరి గాని ఈ సున్నపు రహస్యమును కొనిపోలేదు. ఫలితముగా ఇటలీ మున్నగు దేశములలో మొక్కజొన్నపైననే ఆధారపడిన బీదలు పెల్లాగ్రా అను వ్యాధికి లోనైరి. చర్మము నల్లబడి, మతి చలించి, ప్రాణములు కోల్పోయిరి. మన దక్కను పీఠభూమిలో జొన్నలపై బ్రతికిన బీదలయందును ఈ వ్యాధి కనబడుచుండెను. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన గోపాలన్, శ్రీకాంతయ్య అను శాస్త్రజ్ఞులు 1960లో దానిపై ప్రసిద్ధమైన పరిశోధన ప్రకటించిరి. చదువులేని అవ్వ చేతిలోని పిడికెడు సున్నములో ఇంత శాస్త్రము దాగియున్నది. వంటకమును కొనిపోయి, వండు విధమును విడిచిపెట్టినవారికి కలిగిన నష్టము చరిత్రలో ఇంతకంటె స్పష్టముగా వేరొక చోట కానరాదు.

1598లో హువాన్ దె ఓన్యాతే అను నాయకుని వెంట స్పెయినువారు న్యూమెక్సికోలో కాపురము పెట్టిరి. గోధుమ, గొఱ్ఱె, పంది, ద్రాక్ష, ఉల్లి వారితో వచ్చినవి. మట్టితో తేనెపట్టువలె కట్టిన 'ఓర్నో' అను పొయ్యి కూడ వారు తెచ్చినదే. మెక్సికోలో వేలయేండ్లుగా సాగుచేయబడుచున్న మిరప, ఈ ఉత్తర ప్రాంతమున స్థిరముగా వ్యాపించినది కూడ ఈ వలసతోనే యని పలువురి అభిప్రాయము. వచ్చినవారు చేసిన దౌర్జన్యమును సహింపక 1680లో ప్యూబ్లోలు తిరుగబడి వారిని వెడలగొట్టిరి. పండ్రెండేండ్లకు వారు మరల వచ్చిరి. 1695లో సాంతా క్రూస్ అను జనపదము వెలసినది. చిమయో ఆ లోయలోనిదే. కత్తులు దూసికొనిన రెండు జాతులవారు తరువాతి కాలమున ఒకే కాలువ నీరు త్రాగిరి, ఒకరి గింజ నొకరు నాటుకొనిరి. రాజుల సంధిపత్రములు చిరిగినవి గాని వంటయింటి సంధి చెడలేదు.

ఇక మిరప కథ. కొలంబసు 1492లో అమెరికా చేరినది మిరియములకొరకే. అక్కడ మిరియములు లేవు. కారముగల వేరొక కాయ యున్నది. స్పెయినువారు మిరియమును 'పిమియెంత' అందురు. ఆ క్రొత్త కాయకు 'పిమియెంతో' అని పేరు పెట్టిరి. పోర్చుగీసువారు పదునారవ శతాబ్దమున ఆ కాయను మన పడమటి తీరమునకు తెచ్చిరి. తెలుగువాడు దానిని కొరికి చూచి, తనకు తెలిసిన మిరియమును తలచుకొని, 'మిరపకాయ' యనెను. భూగోళమునకు రెండు వైపుల, ఒకరి నొకరు ఎరుగని రెండు భాషలవారు ఒకే విధముగా ఆలోచించుట ముచ్చట గొలుపును. నేడు గుంటూరు సన్నములు, వరంగల్లు చపాట కాయలు మన ముంగిటి పంటలే. ఆ వచ్చిన అతిథి ఇంటివాడై, ఇప్పుడు మనమే దానికి చుట్టములమైతిమి.

న్యూమెక్సికోలో పండిన మిరపకాయలను దండలుగా గ్రుచ్చి చూరులకు వ్రేలాడదీయుదురు. శరత్కాలమున ఆ మట్టిగోడలపై ఎఱ్ఱని దండలు గ్రామమునకే ఆభరణములు. పచ్చికాయలను నిప్పుమీద కాల్చి, పై తోలు తీసి, తరిగి కూరలలో కలుపుదురు. ఎండుకాయలను నానబెట్టి నూరి ఎఱ్ఱని పులుసు చేయుదురు. ఒకే చెట్టు, ఒకే కాయ. పచ్చిగా నున్నప్పుడొక రుచి, పండి యెండినప్పుడు వేరొక రుచి. కాబట్టి ఆ రాష్ట్రమున ఏ భోజనశాలకు పోయినను మొదట అడుగునది: 'ఎఱుపా, ఆకుపచ్చా?' అని. ఈ ప్రశ్నను 1996లో ఆ రాష్ట్ర శాసనసభ రాష్ట్రపు అధికారిక ప్రశ్నగా ఆమోదించినది! రెండును కావలెననువాడు 'క్రిస్మస్' అని బదులు చెప్పును. పండుమిరప పచ్చడియా, పచ్చిమిరప పచ్చడియా అని మన యిండ్లలో జరుగు వాదములు అక్కడ శాసనసభ వరకు ఎక్కినవన్నమాట.

1848లో జరిగిన సంధివలన ఆ దేశము మెక్సికోనుండి అమెరికా పాలనలోనికి పోయినది. 1880 ప్రాంతమున రైలు వచ్చినది. 1912లో రాష్ట్రప్రతిపత్తి లభించినది. రైలుతోపాటు తూర్పునుండి క్రొత్త జనము, డబ్బా ఆహారము, క్రొత్త మర్యాదలు వచ్చినవి. స్పానిషు భాష మాటలాడు పిల్లలు బడిలో సిగ్గుపడవలసిన స్థితి యేర్పడినది. భాష చిన్నబోయినచోట వంటకూడ చిన్నబోవును. మధ్యాహ్నమునకు బడికి రొట్టెలో చిక్కుళ్ళు చుట్టుకొని వచ్చిన పిల్లవాడు దానిని దాచుకొని తినెను. తెల్లని కొన్న రొట్టె తెచ్చినవాడు అందరికి కనబడునట్లు తినెను. ఈ సిగ్గు ఎట్టిదో రాగిసంకటిని, జొన్నరొట్టెను పట్నములో దాచుకొని తినిన మన తరమువారు ఎరుగుదురు.

ఈ దశలో ఇద్దరు స్త్రీలు కలము పట్టిరి. మొదటివారు క్లెయోఫాస్ హరమీయో. 1878లో తావోస్ సమీపమున ఒక పల్లెలో జన్మించిరి. ఒక పత్రికలో తమ దేశపు వంటలను గూర్చి ఇతరులు వ్రాసిన వ్యాసమును చూచి, అందలి లోపములకు నొచ్చుకొని, 'మన సంగతి మనమే చెప్పుకొనవలెను' అని సంకల్పించిరి. 1935లో శాంటా ఫేలో పాత ఆచారముల పరిరక్షణకై ఒక సంఘము స్థాపించిరి. అందు సభలు స్పానిషు భాషలోనే జరుగవలెనని నియమము. 1939లో తమ దేశపు వంటలను కూర్చి చిన్న పుస్తకము వెలువరించిరి.

రెండవవారు ఫబియోలా కబేసా దె బాకా. 1894లో జన్మించి, వ్యవసాయశాఖ తరఫున పల్లెలు తిరిగి స్త్రీలకు ఆహారమును నిలువచేయు విధములు బోధించిరి. స్పానిషేగాక ఆదివాసుల భాషలు సైతము నేర్చిరి. రైలు ప్రమాదమున ఒక కాలు కోల్పోయినను పని మానలేదు. బోధించుటకు పోయిన ఆమె నేర్చుకొని కూడ వచ్చిరి. పల్లెటూరి వంటలను కొలతలతో సహా వ్రాసి ప్రకటించిరి. అప్పటివరకు 'చేతికి వచ్చినంత ఉప్పు, కంటికి నచ్చినంత కారము' అనునదే కొలత. చేయి పోయినచో కొలతయు పోవును. ఆ చేతిని ఆమె కాగితమునకు ఎక్కించిరి.

ఇంతలో 1943లో చిమయోకు అనతిదూరముననున్న లాస్ అలామోస్ కొండపై అణుబాంబు నిర్మాణకేంద్రము రహస్యముగా వెలసినది. యుద్ధము ముగిసిన పిదపయు అది నిలిచిపోయెను. లోయలోని గ్రామములనుండి జనులు జీతములకై కొండ ఎక్కిరి. వారిని తప్పుపట్టుటకు లేదు. ఎకరము రెండెకరముల చెక్కలపై సంసారము సాగదు. నెలజీతము వచ్చుటతో పిల్లలు చదివిరి, ఇండ్లలో దీపములు వెలిగినవి. కాని ఉదయము పోయి సాయంకాలము వచ్చు మనుష్యునికి మిరపతోట చూచుకొను తీరిక ఎక్కడిది? కాలువ పూడిక తీయువారు తగ్గిరి. చూరులకు దండలు పలచబడినవి. పెద్దల పాత యిండ్లు తాళములు పడినవి.

అట్టి తాళము పడదగిన యిల్లొకటి ఎర్మెనెహిల్దో హరమీయో అను గృహస్థునిది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కట్టినది. ఆయన మనుమడు అర్టూరో, ఆయన భార్య ఫ్లారెన్సు ఆ తాతగారి యింటిని బాగుచేయించి, 1965లో అందులో భోజనశాల తెరచిరి. దాని పేరు 'రాంచో దె చిమయో'. ఫ్లారెన్సు ఆ ప్రాంతపు ఆడపడుచు కాదు. తూర్పుతీరమున కనెక్టికటు రాష్ట్రమునుండి వచ్చిన కోడలు. పుట్టింటి వంట వేరు, మెట్టినింటి వంట వేరు. అయినను మెట్టినింటి వంటను నిలుపు భారము వహించినవారిలో ఆమెయే ముఖ్యురాలు. ఊరివారు, అతిథులు ఆమెను 'మిసెస్ జే' అని పిలుచుచుండిరి. చిత్రమేమనగా ఆ 1965వ సంవత్సరముననే న్యూమెక్సికో రాష్ట్రము మిరపను, చిక్కుడుగింజను రాష్ట్రపు కూరగాయలుగా ప్రకటించినది.

అప్పటికే నైరుతి దేశమున ఇట్టి భోజనశాలలు కొన్ని యుండెను. టూసాన్ నగరమున 1922లో మోనికా ఫ్లిన్ అను స్త్రీ స్థాపించిన 'ఎల్ చార్రో', శాంటా ఫేలో 1953లో ఆరంభమైన 'ది షెడ్' ప్రసిద్ధములు. కాని అవి నగరములలోనివి. చిమయోది పల్లెటూరిది. కావలసినవాడు కొండదారిని పడి రావలసినదే.

అక్కడి విస్తరిని గూర్చి కొంచెము చెప్పవలెను. ఎండుమిరప ముద్దలో వెల్లుల్లి చేర్చి, పందిమాంసమును నానవేసి, సన్నని సెగపై గంటలకొలది మగ్గబెట్టినది 'కార్నె అదోవాద'. ఆ యింటికి పేరు తెచ్చిన వంటకములలో ముఖ్యమైనది. పొట్టు తీసిన మొక్కజొన్నను గుగ్గిళ్ళవలె ఉబ్బునట్లు ఉడికించి పులుసులో వేసినది 'పోసోలె'. మొక్కజొన్న పిండిముద్దలో కూర పెట్టి, కండెపై పొత్తితో చుట్టి, ఆవిరిపై ఉడికించినది 'తమాలె'. గోదావరి జిల్లాలలో పనసాకు బుట్టలలో ఉడికించు పొట్టిక్కలను ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. గోధుమపిండిని పలుచగా వత్తి కాగిన నూనెలో వేసినంతనే పూరీవలె పొంగునది 'సోపైపియ'. దాని మూల త్రుంచి లోపల తేనె పోసి తిందురు. కారము తినిన నాలుకకు అదియే చల్లదనము. మన గట్లపై పెరుగు గంగపావిలి కూర సైతము అక్కడి పల్లెలలో వంటకు వచ్చును. గట్టుమీది ఆకు విలువ ఎరుగుటలో బీదవారందరిదీ ఒకే పాండిత్యము.

గోడలపై ఆ కుటుంబపు పెద్దల పటములు వ్రేలాడుచుండును. అతిథి తినునది ఎవరి వంటయో వారి ముఖమును చూచుచునే తినును. ఆ యింటి పనిలో లోయలోని కుటుంబములకు చోటు దొరకినది. ఒకే కుటుంబములో తల్లి తరువాత కూతురు పనిచేయుట అచట వింత కాదు. కొండపై జీతమే శరణ్యమనుకొనిన ఊరికి, తన వంటయే జీతము పెట్టగలదని తెలిసివచ్చెను. 1991లో ఆ యింటి వంటల పుస్తకము వెలువడినది. 2008లో అగ్నిప్రమాదము సంభవించి కట్టడము దెబ్బతినగా, బాగుచేయించి మరల తలుపులు తెరచిరి. 2016లో జేమ్స్ బియర్డ్ సంస్థవారు, ఆయా ప్రాంతముల స్వభావమును ప్రతిబింబించు చిరకాలపు భోజనశాలలకిచ్చు 'అమెరికాస్ క్లాసిక్స్' పురస్కారమును దానికి ఇచ్చిరి. ఏబదియేండ్లు ఒకే పులుసు కాచినందుకు లభించిన గౌరవమది.

ఇంతవరకు మంగళముగానే యున్నది. కాని చరిత్ర వ్రాయువాడు మంగళహారతితో ముగించరాదు. పూటకూళ్ళ యిల్లు నిలిచినంతమాత్రమున వంట నిలిచినట్లేనా? వంటకు మూలము విత్తనము. విత్తనము సంగతి యేమి?

ఫబియాన్ గార్సియా అను శాస్త్రజ్ఞుడు 1871లో మెక్సికోలో జన్మించి, చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి, నాయనమ్మ పోషణలో న్యూమెక్సికో చేరెను. అక్కడి వ్యవసాయ కళాశాలలో చదివి, అచటనే ఆచార్యుడై, పెక్కేండ్లు కృషిచేసి 1921లో 'న్యూమెక్సికో 9' అను మిరపరకమును విడుదల చేసెను. కాయలన్నియు ఒకే పరిమాణము, మితమైన కారము, డబ్బాలలో నింపుటకు అనువు. దానివలన మిరప పెరటిని దాటి పరిశ్రమయైనది; వేలాది రైతులకు అన్నము దొరకినది. తాను ఆర్జించిన ఆస్తిని పేద విద్యార్థుల వసతికై విడిచి 1948లో మరణించిన ఆ మహాశయుని నిందించుట కృతఘ్నత యగును. అయినను ప్రతి లాభమునకు ఒక వెల యుండును. ఏకరూపమైన కాయ అంగడి నిండగా, పల్లెపల్లెకు వేరుగానుండిన పాత రకములు మూల పడినవి. ఆ మిగిలినవానిలో చిమయో మిరప యొకటి. కాయ చిన్నది, వంకరటింకరది, దిగుబడి తక్కువది. తరతరములుగా ఆ లోయలో, ఆ కాలువ నీటితో, మంచి కాయ ఏరి విత్తనమునకు దాచుకొనుటవలన ఏర్పడిన రుచి మాత్రము దానికే చెల్లినది.

పేరు పెరిగినకొలది మోసము పెరిగినది. ఎక్కడనో పండిన కారమునకు 'చిమయో' పేరు తగిలించి అమ్ముట మొదలైనది. రాష్ట్రమంతటను మిరపసాగు తగ్గినది. 1992లో సుమారు 34 వేల ఎకరములున్న పంట, తరువాత ఇరువదేండ్లలో పదివేల ఎకరములకు లోబడినది. విదేశపు చౌక సరకు, కోతకూలీల కొరత, నీటి యెద్దడి ఇందుకు కారణములు. 2011లో ఆ రాష్ట్రము, అక్కడ పండని కాయను 'న్యూమెక్సికో మిరప' యని అమ్మరాదని శాసనము చేసినది. శాసనము పేరును కాపాడగలదు, మడిని దున్నజాలదు. విత్తనము నాటువాడుండవలెను, నాటినదానిని గిట్టుబాటు ధరకు కొనువాడుండవలెను. తనవంటి కాయకు తగిన వంట ఊరిలోనే యున్నంతవరకు ఆ రైతు నాటును. పూటకూళ్ళ యిల్లు ఇచ్చటనే ఊరికి అవసరమగుచున్నది. అది వంటను కాపాడుట మాత్రమే కాదు; వంట కావలెనను కోరికను కాపాడుచున్నది.

పుస్తకము, పొయ్యి, విత్తనము: ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను మిగిలిన రెండు నిలువవు. పుస్తకమున్నను వండువారు లేకున్న అది శాసనపు రాయి. పొయ్యి యున్నను విత్తనము మారిన రుచి మారును. విత్తనమున్నను దానితో ఏమి చేయవలెనో వ్రాసిపెట్టినవారు లేకున్న, మొక్కజొన్న కొనిపోయి సున్నము మరచిన ఐరోపావారి గతి పట్టును.

ఇప్పుడు మన యూరి మాట. మన పెద్దలు తినిన కొఱ్ఱలు, సామలు, అరికెలు ఎన్ని రకములు? మన గట్లపై ఏరుకొనిన ఆకుకూరలెన్ని? నాటు మిరప గింజ ఎవరి చూరున నున్నది? ఉట్టిమీద నిలువయుండిన పచ్చళ్ళ పేర్లేవి? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగలవారు మన గ్రామమున వేళ్ళపై లెక్కింపదగినంతమంది మాత్రమే కలరు. వారందరును వృద్ధులు. వారు చదువుకొననివారు కావచ్చును. కాని చదువవలసిన గ్రంథములు వారే.

కాబట్టి ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయ సభ్యులకు ఒక విన్నపము. మన బీరువాలో కొన్న పుస్తకములే గాక, మనము వ్రాసిన పుస్తకమొకటి యుండవలెను. గట్టి అట్ట వేసిన నోటుపుస్తకము ఒకటి బల్లపై ఉంచుదము. ప్రతి యింటి పిల్లయు, పిల్లవాడును తన నాయనమ్మనో, అమ్మమ్మనో, మేనత్తనో అడిగి, ఒక వంటకమును, అది చేయు విధమును, అందులోనికి వచ్చు గింజ పేరును, ఆ గింజ ఇప్పుడెక్కడ దొరకునో ఆ వివరమును వ్రాయవలెను. చెప్పినవారి పేరు తప్పక వ్రాయవలెను. 'చేతికి వచ్చినంత' అని ఆమె యన్నచో, ఆ చేతిలోనిది గిద్దెడో సోలెడో కొలిచి వ్రాయవలెను. విత్తనము దొరకినచో చిన్న పొట్లము కట్టి ఆ పుటకు జతచేయవలెను. మరుసటి ఏట ఎవరైనను నాటి, తిరిగి ఇచ్చెదరుగాక. గ్రంథాలయమున పుస్తకము అరువు తీసికొని తిరిగి ఇచ్చు మర్యాద మనకు ఇరువదియైదేండ్లుగా అలవడినదే గదా!

ఓరుగంటి పూటకూళ్ళ యింటి విస్తరి ఒక్క పద్యముచేత నిలిచినది. చిమయో తాతగారి యిల్లు మనుమని, కోడలి శ్రమచేత నిలిచినది. మన యూరి వంట మన స్వర్ణోత్సవమునాటికి నిలిచియుండుటయు, లేకుండుటయు ఈ సంచిక చదువువారి చేతులలోనే యున్నది. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు వడ్డించు చేతిని ఒక్కమారు అడిగి చూడుడు: 'అమ్మా, ఇది నీకెవరు నేర్పిరి?' ఆ నోటుపుస్తకమునకు అదియే మొదటి పుట యగును.